తలుపు మీద పగలని కాయ

లెక్కలంటే భయమండీ అని ఎవరైనా నాతో అంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చెప్పేది పరీక్షల భయం. మార్కులు తగ్గుతాయని, మాస్టారు నలుగురిలో తిడతారని. అదీ ఒక భయమేనా? ఒక సంఖ్య మొహం చూసి, ఇది మా నాన్నగారిని మింగేసిందేమోనని వణికిపోయినదాన్ని నేను. ఆ సంఖ్య 999983. పది లక్షలకు పదిహేడు తక్కువ. ఇప్పటికీ ఏ లారీ వెనకో, ఏ కరెంటు మీటరు మీదో వరసగా నాలుగు తొమ్మిదులు కనిపిస్తే నేను చూపు తిప్పేసుకుంటాను. నేను అమలాపురంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని కనక ఈ మాట బయట అనను. నవ్వుతారు.

మా ఊరు అమలాపురానికి దగ్గరే. కాలవ గట్టు దిగితే డాబా ఇల్లు, చుట్టూ కొబ్బరి తోట. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన్ని కాట్రేనికోన అవతల, సముద్రం వేపున్న ఒక ఊరి బడికి బదిలీ చేశారు. రోజూ వెళ్ళి రావడం కుదిరే పని కాదు. సోమవారం మొదటి బస్సుకి వెళ్ళి, శనివారం సాయంత్రానికి వచ్చేవారు. ఇంట్లో మిగిలేది అమ్మ, నాన్నగారి అమ్మ అయిన మామ్మ, నేను, ఇంకా గుణింతాలు దాటని తమ్ముడు.

బదిలీ అయిన మొదటి సోమవారమే నాన్నగారు ఒక అలవాటు పెట్టారు. సంచి భుజాన వేసుకున్నాక, చెప్పులు తొడుక్కునే ముందు, వీధి తలుపు లోపలివేపు సుద్దముక్కతో ఒక సంఖ్య రాశారు.

"ఇదిగోనమ్మా, ఈ వారం కాయ. నేనొచ్చేసరికి పగలగొట్టి ఉంచు."

పగలగొట్టడమంటే, ఏ సంఖ్యల్ని గుణిస్తే అది వచ్చిందో పట్టుకోవడం. 91 ఇస్తే ఏడు, పదమూడు. ఆ ముక్కల్ని బళ్ళో కారణాంకాలు అంటారు. నాన్నగారు మాత్రం చెక్కలు అనేవారు. కొబ్బరికాయ కొడితే వచ్చే చెక్కలన్నమాట. కొబ్బరి తోటల మధ్య పుట్టిన పిల్లకి ఇంకెలా చెబితే ఎక్కుతుంది?

ఆయన ఒకసారి అన్న మాట నాకు బాగా గుర్తు. "బయట కాయ పగలగొట్టడం తేలిక, అతికించడం ఎవరివల్లా కాదు. లెక్కల్లో తిరగేసి ఉంటుందమ్మా. రెండు చెక్కలిస్తే కాయ చెయ్యడం చిటికెలో పని. కాయ ఇచ్చి చెక్కలు చెప్పమంటే ప్రాణం మీదకొస్తుంది." అప్పుడు నాకది సరదా మాట. ఈ కాలంలో బ్యాంకుల రహస్యాలకు తాళం వేసేది ఆ సంగతితోనే అని ఎమ్మెస్సీలో చదివినప్పుడు, మా వీధి తలుపే కళ్ళ ముందు నిలబడింది.

శనివారం సాయంత్రం వచ్చీ రాగానే ఆయన కాళ్ళు కడుక్కుని, "పగిలిందా?" అనేవారు. నేను చెక్కలు చెప్పేదాన్ని. ఆయన భుజం మీద తువ్వాలుతో తలుపు తుడిచేసేవారు. ఆ తర్వాతే కాఫీ. మామ్మ కూడా ఆటలో కలిసిపోయింది. ఆవిడకి లెక్కలు రావు. వారం మధ్యలో నన్ను ఆపి, "నీ కాయ పగిలిందేంటే?" అని అడిగేది. పగిలిందంటే, "సమంగా పగిలిందా?" అనేది. దేవుడి దగ్గర కొట్టిన కాయ సమంగా పగిలితే మంచిదని ఆవిడ నమ్మకం. ఏడు, పదమూడు అని చెబితే మొహం చిట్లించి, "అదేం పగలడమే, ఓ చెక్క బొత్తిగా చిన్నదైపోయింది" అని నవ్వేది.

ఇందులో ఒక సంగతి మెల్లిగా నా బుర్రలో దిగబడిపోయింది. కాయ ఎప్పుడూ ముందే పగిలేది. నాన్నగారు ఆ తర్వాత వచ్చేవారు. ఒక్క వారం కూడా ఇది తప్పలేదు. అందుకని, కాయ పగలడంవల్లే ఆయన వస్తున్నారని నేను ఎవరికీ చెప్పకుండా నమ్మేశాను. తొమ్మిదో తరగతి పిల్లకి ఆ మాత్రం బుద్ధి ఉండదా అంటే, ఉండదు. భయం ఉన్నచోట బుద్ధి ఉండదు. ఆయన వెళ్ళే ఊరు సముద్రం ఒడ్డున. ఆ ఊరి పేరు వింటేనే నాకు గుండెల్లో గుబులు.

తొంభై ఆరో సంవత్సరం, దీపావళికి ముందు వారం. సోమవారం పొద్దున్న బస్సుకి టైమైపోతోందని నాన్నగారు కంగారుగా ఉన్నారు. తలుపు మీద 999983 రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, "ఈసారి కాయ కాస్త గట్టిదమ్మా. చివరిదాకా చూడు" అనేసి వెళ్ళిపోయారు. మామ్మ అరుగు మీంచి "జాగ్రత్తరా" అంది. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపారు.

సాయంత్రం బడి నుంచి వచ్చి మొదలుపెట్టాను. సరిసంఖ్య కాదు, ఐదుతో పోదు. అంకెల్ని కూడితే నలభై ఏడు, కాబట్టి మూడుతో పోదు. తర్వాత నాన్నగారు నేర్పిన కిటుకు వాడాను. పది లక్షలకు ఒకటి తక్కువ, అంటే ఆరు తొమ్మిదులు ఉంటే, దాన్ని ఏడు, పదకొండు, పదమూడు, ముప్పై ఏడు అన్నీ భాగిస్తాయి. మన సంఖ్య దానికి పదహారు తక్కువ. మరి పదహారుని వాటిలో ఒక్కటీ భాగించదు. అంటే నాలుగూ ఒక్క దెబ్బకి పోయాయి. నాకు భలే సంతోషం వేసింది. పదిహేడుతో పోలేదు. పంతొమ్మిదితో పదమూడు మిగిలింది. ఇరవై మూడుతో పన్నెండు మిగిలింది. పోనీలే, ఇంకా బోలెడు రోజులున్నాయి కదా అనుకుని పడుకున్నాను.

వారం మధ్యలో తుఫాను వచ్చింది. ఆ రాత్రి గురించి నేను చెప్పను. కోనసీమలో ఆనాటికి ఊహ తెలిసినవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. నాకు తెల్లవారిన తర్వాతి సంగతే గుర్తుంది. వీధి తలుపు తెరిస్తే ఆకాశం ఎక్కువగా కనిపించింది. మా తోటలో చెట్లు సగం పడిపోయాయి, సగం తలల్లేకుండా నిలబడ్డాయి. తాటాకిళ్ళవాళ్ళందరూ పిల్లల్ని ఎత్తుకుని మా డాబాలోకి వచ్చేశారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీద కొబ్బరి చెట్లు అడ్డంగా పడి బస్సు కాదు కదా సైకిలు కూడా కదలడం లేదు.

అమ్మ వచ్చినవాళ్ళకి గంజి కాస్తోంది. చేతులు ఆడుతున్నాయి గానీ కళ్ళు వీధిలోనే ఉన్నాయి. "సముద్రం పొంగిందంటండి, ఆ వేపు ఊళ్ళే లేవంటండి" అని ఎవరో అంటుంటే, మామ్మ అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయింది.

నేను తలుపు లోపలివేపు చూశాను. వాన కొట్టినా లోపల తడవలేదు. సంఖ్య అలాగే ఉంది. అది ఇంకా పగల్లేదు.

అప్పటి నుంచి నేను చేసిన పని ఒక్కటే. హాల్లో గచ్చు మీద సుద్దముక్కతో భాగహారాలు. జనం చాపలు పరుచుకుంటే మూలకి జరిగేదాన్ని, ఎవరైనా తొక్కి చెరిపేస్తే మళ్ళీ రాసేదాన్ని. ఇరవై తొమ్మిదితో ఐదు మిగిలింది. ముప్పై ఒకటితో పదహారు మిగిలింది. నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు. ప్రతిసారీ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. ఎక్కడిదాకా వెళ్ళాలో నాకు తెలుసు. వర్గమూలం దాకా చూస్తే చాలని నాన్నగారు చెప్పారు. ఏ కాయకైనా రెండు చెక్కలుంటే, రెండూ వర్గమూలాన్ని మించి పెద్దవి కాలేవు కదా, ఒకటైనా దాని లోపే ఉండాలి. వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షలు. కాబట్టి వెయ్యి లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. వెయ్యి దగ్గరికి వెళ్ళినా ఏదీ పోకపోతే ఇది కూడా ప్రధాన సంఖ్యే. తనూ, ఒకటీ తప్ప ఇంకేదీ తనని భాగించలేని సంఖ్య. అంటే పగలని కాయ.

అలాంటివి ఉంటాయని నాన్నగారు చెప్పడమే గానీ, తలుపు మీద ఎప్పుడూ రాయలేదు.

ఊళ్ళో మగవాళ్ళు కొందరు చెట్లు దాటుకుంటూ కాట్రేనికోన వేపు బయలుదేరి, దారి లేక వెనక్కి వచ్చేశారు. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వారం వారం చేపలు తెచ్చే ఆవిడ వచ్చింది. తలమీద బుట్ట లేదు. ఆవిడ ఊరు నాన్నగారి బడికి పక్కనే. అమ్మ గబగబా వీధిలోకి పరుగెత్తింది.

"బళ్ళోకి నీళ్ళొచ్చేసేయంటండమ్మా. మేష్టార్లు పిల్లల్ని పైకెక్కించేరంట. అంతవరకే ఇన్నానండి. ఆ తర్వాత ఏటైందో నాకు తెల్దండి. మా వోళ్ళే కనపట్టం లేదు, ఎతుక్కుంటా తిరుగుతున్నాను" అంది ఆవిడ. అమ్మ ఆవిడని కూర్చోబెట్టి గంజి పోసింది. ఇద్దరూ ఏడవలేదు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "ఎల్లొస్తానండి" అని వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రమైంది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ బకెట్టు అమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన పెట్టింది. అది అలాగే ఉండిపోయింది.

దీపం వెలిగించే వేళకి మామ్మ నా దగ్గరికొచ్చి గచ్చు మీద కూలబడింది. ఆ రాతలన్నీ చూసింది. "నీ కాయ పగిలిందేంటే?"

"లేదు మామ్మా."

"ఎప్పుడూ వాడొచ్చేసరికి పగిలిపోయేది కదే" అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి వినేసరికి నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే అనుకున్న పిచ్చి ఆలోచన ఆవిడకీ ఉంది. మామ్మ లేచి, వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మతో చెప్పింది. "అది పగిలేదాకా నేను మెతుకు ముట్టను. చెప్పేస్తున్నాను."

అమ్మ "అదేంటండి అత్తయ్యగారూ, పిల్లల ఆటండి అది" అంది. మామ్మ వినలేదు. ఆవిడ పట్టు పడితే మా తాతగారే వదిలించలేకపోయేవారట. అసలే పీలమనిషి, అంతకుముందు నెలంతా జ్వరంతో మంచం మీదున్న మనిషి. వసారాలో మంచం మీద వాకిట్లోకి మొహం పెట్టి పడుకుండిపోయింది. మంచినీళ్ళు తప్ప ఏమిచ్చినా తోసేసింది.

ఇక చూసుకోండి నా గతి. అటు నాన్నగారు, ఇటు మామ్మ, ఇద్దరి ప్రాణాలూ నా సుద్దముక్క కొసన పెట్టినట్టైంది. ఇంట్లో తలదాచుకున్నవాళ్ళకి కూడా సంగతి తెలిసిపోయింది. "పగిలిందా పాపా?" అని అడగనివాళ్ళు లేరు. ఒకాయన లెక్కల్లో నాకు సాయం చేస్తానని కూర్చుని, రెండు భాగహారాలు తప్పు చేసి, నేను కసురుకుంటే నవ్వి లేచిపోయాడు. వేళ్ళు ఒరుసుకుపోయి రక్తం కనిపించినా నేను ఆపలేదు. ఆదివారం పొద్దున్నకి ఆరు వందలు దాటాను. ఎనిమిది వందలు దాటాను. ప్రతి భాగహారంలోనూ శేషం మిగులుతుంటే, చీకటి గదిలో గోడ తడుముకుంటూ వెళ్తున్నట్టుంది, తలుపు తగలడం లేదు.

ఒక ఆలోచన అప్పుడే వచ్చింది. అది వచ్చాక నాకు నిజమైన భయం పట్టుకుంది. ఈ సంఖ్య పగిలేదా, పగలనిదా అన్నది నేను లెక్క చేస్తే తేలేది కాదు. అది ఎప్పుడో తేలిపోయింది. నేను పుట్టకముందే, అసలు లెక్కలనేవి ఎవరూ కనిపెట్టకముందే తేలిపోయింది. నేను చేసేదల్లా దాన్ని తెలుసుకోవడం. నాన్నగారి సంగతీ అంతే కదా. ఆయనకి ఏమవ్వాలో అది ఆ రాత్రే అయిపోయింది. ఇప్పుడు మేమెంత ఏడ్చినా, ఎన్ని మొక్కులు మొక్కినా అది మారదు. కబురు రావడమే తరువాయి. ఆ కబురు వద్దనిపించింది నాకు. ఆ మాట బయటికి అనలేదు గానీ, గట్టిగా అనుకున్నాను.

చివరికి 997 దగ్గర ఆగాను. వెయ్యి లోపు అదే ఆఖరి ప్రధాన సంఖ్య. అంతకు ముందువన్నీ అయిపోయాయి. ఆ ఒక్కటి చేస్తే తేలిపోతుంది. మనసులోనే చెయ్యొచ్చు, పెద్ద లెక్కేం కాదు. కానీ నేను చెయ్యలేదు. మనసుని ఆ వేపు పోనివ్వకుండా తమ్ముడి చొక్కా గుండీలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆ ఒక్క భాగహారం మిగిలి ఉన్నంతసేపూ కాయ పగలొచ్చు. నాన్నగారు రావచ్చు.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇంకెన్నున్నాయే?"

"ఒక్కటే."

"మరి చెయ్యవేం?"

"భయంగా ఉందమ్మా."

అమ్మ నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. అమ్మ పదో తరగతి తప్పి చదువు మానేసిన మనిషి, గచ్చు మీద ఆవిడ లెక్క చెయ్యగా చూడటం నాకదే మొదటిసారి. మెల్లిగా, ఒక్కో అంకె గుండ్రంగా రాసుకుంటూ భాగించింది. వెయ్యిన్నొకటి కాదు, వెయ్యీ రెండు సార్లు పోయింది. 989 మిగిలింది. ఇంకొక్క ఎనిమిది ఉంటే సరిపోయేది. ఎనిమిదే.

అమ్మ ఆ శేషం వేపు చాలాసేపు చూసింది. నా వేపు చూడలేదు. చెంగుతో గచ్చు మీద లెక్కంతా తుడిచేసి, లేచి వసారాలోకి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, పగిలిందండి."

నేను అమ్మ వెనకే గుమ్మంలోకి వచ్చాను. మామ్మ మెల్లిగా ఇటు తిరిగింది. "ఎన్ని చెక్కలే?"

"రెండండి."

"సమంగా పగిలిందా?"

"ఆయ్. ఇంచుమించు సమంగానేనండి."

మామ్మ అమ్మ మొహంలోకి చూసింది. అంతసేపు ఎందుకు చూసిందో నాకప్పుడు తెలియలేదు. కళ్ళు సరిగా ఆనక అనుకున్నాను. తర్వాత, "సరే, రెండు ముద్దలు పెట్టవే" అంది. అమ్మ గంజన్నం కలిపి తెచ్చింది. మామ్మ లేచి కూర్చుని తింది. అమ్మ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది.

నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పగలని దాన్ని పగిలిందంటే ఆ సంఖ్య ఊరుకుంటుందా? ఎవరి మీద పగ తీర్చుకుంటుందో? ఆ అబద్ధం ఎగిరి వెళ్ళి ఎక్కడో నీళ్ళలో ఉన్న నాన్నగారి మీద పడుతుందని నమ్మాను. ఆ రోజంతా అమ్మతో మాట్లాడలేదు, ఆవిడ పెట్టింది తినలేదు. తలుపు వేపు చూడ్డానికి కూడా భయమేసి, దొడ్డిదారిన తిరిగాను.

సోమవారం పొద్దున్న, ఎప్పుడూ ఆయన వెళ్ళే వేళకి, నాన్నగారు వచ్చారు.

గట్టు మీంచి నడిచి వస్తుంటే ముందు ఎవరూ పోల్చుకోలేదు. ఎవరిదో లుంగీ, ఎవరిదో చొక్కా. కాళ్ళు వాచి దిబ్బల్లా ఉన్నాయి. అమ్మ ఒక్కడుగు ముందుకేసి ఆగిపోయింది. మామ్మ మాత్రం అరుగు దిగి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, "వచ్చేవా నాయనా, నీ కాయ పగిలిందిరా" అని భోరుమంది. నాన్నగారు అమ్మ వేపు చూశారు. అమ్మ తల దించుకుంది.

"అలాగా అమ్మా" అన్నారు నాన్నగారు.

కాళ్ళు కడుక్కున్నాక, ఎవరూ లేనప్పుడు, నన్ను తలుపు దగ్గరికి పిలిచారు. "పగల్లేదు కదూ?"

"లేదు నాన్నగారూ. ప్రధాన సంఖ్య."

"పగలదని ఎలా తెలుసుకుంటావో చూద్దామని రాశానమ్మా. మధ్యలో ఆపేస్తే తెలీదు కదా. ఆఖరిదాకా చేశావా?"

"ఆఖరిది అమ్మ చేసింది."

ఆయన తువ్వాలు కోసం భుజం మీద వెతుక్కున్నారు. తువ్వాలు లేదు. అరచేత్తోనే తలుపు తుడిచేశారు. బడి మేడమీద పిల్లలతో ఆయన ఎలా గడిపారో మాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చేపలు తెచ్చే ఆవిడ మళ్ళీ మా ఇంటికి రాలేదు.

మామ్మ ఆ తర్వాత కొన్నేళ్ళు బాగానే ఉండి పోయింది. ఆ రెండు చెక్కలేంటే అని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడకి లెక్కలు రావు కనక అడగలేదని నేను అనుకున్నాను.

మళ్ళీ ఆ తలుపు నన్ను భయపెట్టింది చికెన్‌గున్యా వచ్చిన ఏడాది. ఊళ్ళకి ఊళ్ళు కీళ్ళు పట్టేసి మూలిగాయి. అమ్మ వేళ్ళు ముడుచుకుపోయి, గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి. సరిగ్గా అప్పుడే, రిటైరైపోయిన నాన్నగారికి గుండె ఆపరేషనన్నారు, కాకినాడ తీసుకెళ్ళాలన్నారు. ఆయనతో తమ్ముడు వెళ్ళాడు. అమ్మ దగ్గర నేనున్నాను. నాకప్పటికి పెళ్ళయి, అమలాపురంలోనే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

కారెక్కే ముందు నాన్నగారు నవ్వుతూ సుద్దముక్క అడిగారు. తలుపు మీద 999919 రాశారు. "తేలిక కాయే ఇచ్చాను. నేనొచ్చేసరికి పగలగొట్టి ఉంచు."

కారు గట్టెక్కకముందే పగిలిపోయింది. పది లక్షలకు ఎనభై ఒకటి తక్కువ. వెయ్యి వర్గంలోంచి తొమ్మిది వర్గం తీసేస్తే అదే. అంటే వెయ్యికి తొమ్మిది తక్కువ ఒక చెక్క, తొమ్మిది ఎక్కువ ఒక చెక్క. ఆయన కావాలనే అంత తేలికది ఇచ్చారని తెలుస్తూనే ఉంది. నాకు ధైర్యం చెప్పాలని ఇచ్చి ఉంటారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. పగలనిది ఇచ్చి వెళ్ళినప్పుడు వచ్చారు కదా, మరి ఇప్పుడు ఇదెందుకు ఇచ్చారు? ఎమ్మెస్సీ చదివాను, పిల్లలకి లెక్కలు చెబుతాను, తలుపు ముందు నిలబడి ఇదీ నా ఆలోచన.

ఆపరేషన్ రోజున అమ్మ ఏమీ తినలేదు. సెల్‌ఫోను మంచం మీద పెట్టుకుని దాని వేపే చూస్తూ పడుకుంది. కలిపి తెచ్చిన అన్నం ఆరిపోయింది. నేను బతిమాలి బతిమాలి విసిగి, చివరికి అన్నాను.

"నాన్నగారు ఇచ్చిన కాయ పగిలిందమ్మా."

అమ్మ కళ్ళెత్తి చూసింది. "ఎన్ని చెక్కలు?"

"రెండు."

"సమంగా పగిలిందా?"

"ఇంచుమించు సమంగానే."

నా నోట్లోంచి ఆ మాట పడ్డాక గానీ అదెక్కడి మాటో నాకు తెలిసి రాలేదు. నేను చెప్పింది నిజం. ప్రతి అక్షరం నిజం. కానీ అమ్మ నా మొహంలోకి చూస్తోంది. అలా ఒక మనిషి చూడగా ఇంతకుముందు ఒక్కసారే చూశాను, వసారాలో, మంచం మీద నుంచి. నిజమేనమ్మా, ఒట్టు, అనబోయాను. అంటే ఇంకా నమ్మదని నోరు మూసుకున్నాను.

"సరేలే. రెండు ముద్దలు పెట్టు" అంది అమ్మ. నా చేత్తో పెడితే తింది. నా కోసమే తింది. మామ్మ ఎవరి కోసం తిందో నాకు అప్పుడు తెలిసింది.

నాన్నగారు తిరిగి రాలేదు. ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు.

కార్యక్రమాలన్నీ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక కూడా తలుపు మీద సంఖ్య అలాగే ఉంది. తుడిచే మనిషి లేరు కదా. అమ్మ వేళ్ళు కాస్త వదులయ్యాయి. ఒకరోజు పొద్దున్న నేను కాలేజీకి తయారవుతుంటే, గచ్చు మీద కూర్చుని సుద్దముక్క అడిగింది.

"ఆ రెండు చెక్కలేంటన్నావు?"

"తొమ్మిది వందల తొంభై ఒకటి. వెయ్యీ తొమ్మిది."

ఒకదాని కింద ఒకటి వేసుకుంది. వంకర వేళ్ళతో, ఒక్కో అంకె గుండ్రంగా రాసుకుంటూ గుణించింది. కూడింది. గచ్చు మీద వచ్చిన దాన్ని, తలుపు మీద ఉన్న దాన్ని, అంకె తర్వాత అంకె సరిచూసుకుంది. సుద్దముక్క కింద పెట్టేసింది.

"నిజంగానే పగిలిందే" అంది అమ్మ.